వల్లకాటి పక్క చోటు

పూర్వం ఒక రాజధాని పెరిగినప్పుడల్లా శివార్లలో బుట్టలల్లుకు బతికే మేదరి పోతమ్మ గుడిసెను కూల్చేసేవారు. మూడోసారి కూల్చాక నగరాధికారి దయతలచి, ఆమెను సభకు పిలిపించి, "నగరం చుట్టుపక్కల ఎక్కడ కావాలో కోరుకో. ఏటి ఒడ్డునా, మామిడితోటల్లోనా?" అన్నాడు.

"వల్లకాటి పక్కన ఇప్పించండి దొరా."

సభంతా ఘొల్లున నవ్వింది. "మంచి చోట్లుండగా అదేం కోరికే?" అన్నాడు అధికారి.

"మంచి చోటైతే రేపు మీవాళ్లకీ నచ్చుతుంది, మళ్లీ మమ్మల్ని లేపేస్తారు. అక్కడికైతే ప్రాణముండగా మీరెవరూ కాపురానికి రారు."

 ఇక కదిలించబోమని అధికారి అందరి ముందూ మాటిచ్చాడు.

పోతమ్మ అక్కడే గుంజలు పాతింది. చితిపొగకు మనవరాలు దగ్గుతుంటే, దాని ముక్కుకు కొంగు అడ్డంపెట్టి కుమిలి కుమిలి ఏడ్చింది.