పదకొండు కంబళ్లు

వెనకటికి పొగమంచు మింగి కూర్చున్న రాజ్యం ఒకటుండేది, పేరు మసకకోట. అక్కడ మంచు ఎంత చిక్కనిదంటే జనం కొడవళ్లతో కోసి పక్కకు నెట్టుకుంటూ నడిచేవారు. మిట్టమధ్యాహ్నమే దివిటీలు వెలిగించుకునేవారు.

ఆ ఏడాది కోటలో ఏడుగురు పసికందులు ఏడుపు మానేశారు. పాలు తాగుతారు, కళ్లు తెరుస్తారు, అందరూ ఒకే మూలకేసి చూస్తూ పడుకుంటారు. ఆ ఏడుగురికీ పురుడు పోసింది మంత్రసాని కొమరమ్మ.

రాజగురువు కాలకంఠుడు నల్లదారానికి కట్టిన ఎముకను బయటికి తీశాడు. అది ఎవరి ముందు ఊగితే వారే చేతబడి చేసినవారని లెక్క. వారిని లోయలోకి, మంచులోకి తోలేస్తారు. అలా పదకొండుమంది పోయారు. ఈసారి ఎముక కొమరమ్మ ముందు ఊగింది.

ఆస్థానంలో హాస్యం చెప్పే చెన్నుభట్టు మాటలకు ఏనుగులు సైతం నవ్వి కూలబడేవి. ఆ రోజు మాత్రం అతను హాస్యం జోలికి పోలేదు. అతణ్ణి భూమ్మీద పడేసిందీ ఆ అవ్వ చేతులే మరి. లేచి నిలబడి, కోటలో మంత్రసాని ఆవిడ ఒక్కతేననీ, గుక్కపట్టి ఏడ్చే వెయ్యిమంది బిడ్డలూ ఆ చేతుల మీదే పుట్టారనీ, ఆ లెక్క ఎవరైనా చూశారా అనీ అడిగాడు.

తన మీసాలు చూడ్డానికే సూర్యుడు ఉదయిస్తాడని నమ్మే గజకేతు మహారాజు విసుక్కున్నాడు.

"ఎముక ఒక్కసారైనా తప్పిందా, భట్టూ?"

"తప్పిందని చెప్పడానికి పోయినవాళ్లెవరూ తిరిగి రాలేదు కదా, ప్రభూ."

రాజుకు రోషం వచ్చింది. ఎముక తన ముందు ఊగినా సరే, తలవంచి లోయలోకి నడుస్తానని నిండుసభలో ప్రమాణం చేశాడు. చెన్నుభట్టుకు కావలసింది ఆ మాటే.

తొమ్మిది నల్ల కంబళ్లు తెప్పించి, ఎముక నిజమైనదైతే కంబళి కప్పినా కొమరమ్మనే పట్టాలన్నాడు. వాటి కింద రాజు, సేనాపతి, కొమరమ్మ, ఇంకో ఆరుగురు. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది కుండలో చీట్లు వేసి కావలివాళ్లు తేల్చారు. ఆ సంగతి తెలిస్తే తన మొహమే గురువుకు జాడ చెప్పేస్తుందని చెన్నుభట్టు కూడా గురువుతో పాటు తలుపు బయటే నిలబడ్డాడు.

లోపల తొమ్మిది నల్లటి కుప్పలు. ఊపిరి చప్పుడైనా లేదు. ఎముక నాలుగో కుప్ప ముందు ఊగింది. కంబళి తీస్తే సేనాపతి. ఒక్కసారి గురి తప్పడం ఎవరికైనా మామూలేనంటూ చెన్నుభట్టు మళ్లీ చీట్లు తీయించాడు. ఈసారి వంటవాడు దొరికాడు. మూడోసారి ఆరో కుప్ప ముందు ఎముక గిర్రున తిరిగింది. కంబళి ఎత్తగానే ముందు మీసాలు బయటపడ్డాయి.

కిటికీలోంచి మంచు లోపలికి పాకింది.

"మూడుసార్లూ కొమరమ్మ ఈ గదిలోనే ఉంది, ప్రభూ," అన్నాడు చెన్నుభట్టు. "మొహం కనిపిస్తేనే ఎముకకు దోషి తెలుస్తాడు. కప్పేస్తే తమరూ దోషే. దయచేయండి, లోయ దారి ఇటు."

రాజు మొహం సున్నం కొట్టినట్టయింది. అంతలోనే కోటగోడల గార రాలిపడేలా నవ్వాడు. ఎముకను కుంపట్లో వేయించి, గురువును కొలువులోంచి తీసేసి, కొమరమ్మను పల్లకిలో ఇంటికి పంపాడు. ఆ వారంలోనే బిడ్డలు ఏడు కొండలవతలికి వినబడేలా ఏడ్చారు.

ఏం కావాలో కోరుకోమంటే చెన్నుభట్టు పదకొండు కంబళ్లు అడిగాడు. ఏ పరీక్షా పెట్టకుండా పంపేసిన పదకొండుమందికీ అని చెప్పి, వాటిని తన చేత్తోనే లోయ అంచున మడిచి పెట్టి వచ్చాడు.

తెల్లారేసరికి ఒక్క కంబళీ లేదు.

ఆ కబురు విని రాజు మళ్లీ నవ్వాడట. ఈసారి తలుపులన్నీ గడియ వేయించి నవ్వాడు.