కువలయ వెనక్కి తీసుకున్న మాట

అనగా అనగా, తెరచాప ఓడల కాలంలో, మొసలిరేవు అని ఒక పట్నం ఉండేది. అక్కడ గాలికీ తీరిక లేదు, మనుషులకూ తీరిక లేదు. ఓడలు వస్తుండేవి, పోతుండేవి. బియ్యం, మిరియాలు, నూలుబట్టలు ఎక్కుతుండేవి, దిగుతుండేవి.

ఆ రేవులో వర్తకులు ఒక పాఠశాల పెట్టారు. అది అక్షరాలు దిద్దించే బడి కాదు. మామూలు చదువులు ముగించినవాళ్లు అక్కడికి వచ్చి వ్యాపారం నడపడం నేర్చుకునేవారు. జరిగినదాన్ని లెక్కగట్టి చూసి, జరగబోయేదానికి నిర్ణయం తీసుకోవడమే అక్కడి అసలు విద్య.

ఆ పాఠశాలలో కువలయ అనే అమ్మాయి ఉండేది. బుద్ధి చురుకు, కాలు నిలవదు. గురువు వీరభట్టుగారు ప్రశ్న సగం చెప్పేసరికే జవాబుతో లేచి నిలబడేది. ఆయన పూర్తిగా వినమనేవారు. కానీ ఆమె జవాబు చాలాసార్లు సరైనదే కావడంతో, ఆగడం నేర్చుకోవలసిన పని ఆమెకు పడలేదు.

చదువు ముగిసే ఏడు వర్తక సంఘం పెద్ద నాగసెట్టి పాఠశాలకు ఒక చిక్కు తెచ్చాడు. సముద్రం నడుమ గువ్వలదీవి ఉంది. అక్కడివాళ్లు దాచుకున్న ధాన్యం వానకు తడిసి కుళ్లిపోయింది. తుఫానుల కాలం ముంచుకొస్తున్నా బియ్యం పంపక తప్పదు. రేవులో ఉన్నది ఒక్క ఓడే. ఓడ నడిపే తండేళ్లు మాత్రం ముగ్గురు: సోములు, పైడయ్య, దానయ్య. ఓడను ఎవరి చేతిలో పెట్టాలో పాఠశాల తేల్చి చెప్పాలి.

వీరభట్టుగారు ఆ ప్రశ్ననే కువలయకు ఆఖరి పరీక్షగా ఇచ్చారు.

కువలయ సంఘం ఓడల చిట్టా ముందు పెట్టుకుని గవ్వలు తెచ్చింది. సరుకు భద్రంగా చేరిన ప్రతి ప్రయాణానికీ ఒక తెల్ల గవ్వ. సరుకు తడిసినా, సముద్రం పాలైనా ఒక నల్ల గవ్వ. ముగ్గురి పేరా మూడు రాశులు పోసింది. సోములు రాశిలో మిగతా ఇద్దరికంటే నల్లవి ఎక్కువ. పైడయ్యది అంతంతమాత్రం. దానయ్య రాశి మల్లెల బుట్టలా ఉంది.

ఇంకేం కావాలి? ఆమె సంఘం ముందు నిలబడి, ఓడను దానయ్యకు ఇవ్వమంది. అడగకపోయినా ఇంకో మాట కూడా అంది. సోములును కొలువులో ఉంచుకోవడం సంఘానికే నష్టమని.

సభ మెచ్చుకుంది. చదువు కాగానే సంఘంలో ఆమెకు చోటు ఇస్తామన్నారు. ఆ పూటే సోములును పిలిపించి కొలువు తీసేశారు. అతను గుమ్మంలో నిలబడి ఎందుకని మాత్రం అడిగాడు. నాగసెట్టి గవ్వల రాశి చూపించాడు. సోములు ఆ రాశి వంక చూశాడు, కువలయ వంక చూశాడు, వెళ్లిపోయాడు.

ఆ చూపు కువలయను పట్టుకుంది. అన్నం సయించలేదు. కూర్చుంటే లేవాలనిపించింది, లేస్తే ఎటు పోవాలో తోచలేదు. మర్నాడు తిరిగి గవ్వల ముందుకే వచ్చింది.

మొదట మళ్లీ లెక్కపెట్టింది. లెక్క మారలేదు.

తర్వాత చిట్టా చూస్తూ సరుకును బట్టి విడదీసింది. బియ్యం ఒక వైపు, మిరియాలు ఒక వైపు, బట్టలు ఒక వైపు. ఏమీ తేలలేదు. అంతా సరిగ్గానే ఉందని తనకు తాను చెప్పుకుంది. మనసు ఊరుకోలేదు.

అప్పుడే తూర్పు గాలి విసురుగా వచ్చి కిటికీ తలుపును గోడకేసి కొట్టింది. కువలయ తలెత్తి చూసింది. ఇలాంటి గాలిలో ఎవరు ఓడ తీశారు? ఆ సంగతి తను అడగనేలేదు.

మూడోసారి ప్రతి రాశినీ కాలాన్ని బట్టి రెండుగా చీల్చింది. ప్రశాంతంగా ఉండే నెలలు ఇటు, తుఫాను నెలలు అటు.

తుఫాను నెలల వైపు పైడయ్యకు గుప్పెడు గవ్వలే వచ్చాయి, దాదాపు అన్నీ నల్లవే. దానయ్యకు ఒక్కటీ లేదు. అక్కడ ఉత్త నేల కనిపించింది. సోములుకు మాత్రం పెద్ద కుప్ప పడింది, అందులో నల్లవాటికంటే తెల్లవే ఎక్కువ. ఇక ప్రశాంతమైన నెలల్లో అతని గవ్వలన్నీ తెల్లవే.

కువలయ గవ్వలూ చిట్టా మూటగట్టుకుంది. రేవుకు పరుగెత్తింది.

దానయ్య బియ్యం మూటలు ఎక్కిస్తున్నాడు. తుఫాను నెలల్లో ఎప్పుడైనా ఓడ నడిపావా అని ఆమె అడిగింది. అతను అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"లేదమ్మా. గాలి తిరిగిందంటే నేను ఓడను ఒడ్డుకు లాగేస్తాను. ఆ నెలల్లో ఎప్పుడూ సోములన్నే వెళ్లేవాడు. అందరి ముందూ నన్ను మెచ్చుకుంటే, నా వల్ల కాదని చెప్పడానికి నోరు రాలేదు. ఇంట్లో ఏడుస్తున్నారు."

తెల్లవారి సముద్రం పోటెత్తగానే ఓడ బయలుదేరాలి. కువలయ సంఘం ఇంటి వైపు నడిచింది. ఎప్పుడూ పరుగెత్తే కాళ్లు ఇప్పుడు కదలడం లేదు. తప్పు ఒప్పుకుంటే పరీక్ష పోతుంది, సంఘంలో చోటూ పోతుంది. ఊరుకుంటే ఓడ పోతుంది, అందులో మనుషులు పోతారు, దీవిలో పొయ్యి వెలగదు. ఆమె మెట్లెక్కింది.

"నేను చెప్పింది తప్పు," అంది. "తండేళ్లను తూచాననుకున్నాను. నేను తూచింది గాలిని."

నాగసెట్టి మొహం ఎర్రబడింది. "నిన్న ఒక మాట, ఇవాళ ఒక మాట. రేపు మూడోది చెప్పవని ఏమిటి నమ్మకం?"

"నన్ను నమ్మవద్దు. మీరే వేరు చేసి చూడండి."

ఆమె గవ్వలు నేల మీద పోసి, చిట్టా చూసి ఏది ఏ నెలదో చెబుతూ వచ్చింది. నాగసెట్టి చాప మీద కూర్చుని తన చేత్తోనే వేరు చేశాడు. దానయ్య తుఫాను గవ్వలు ఉండవలసిన చోట ఖాళీ నేలను చూశాడు. చివరకు, సోములును పంపించింది నీ మాటే కనుక పిలుచుకు రావలసిందీ నువ్వేనని ఆమెతో అన్నాడు.

సోములు ఇంటి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కువలయ జరిగినదంతా దాచకుండా చెప్పి, క్షమించమంది. అతను వెంటనే కరగలేదు.

"నల్ల గవ్వలు లెక్కపెట్టావు కదమ్మా. ఆ ఓడల్లో ఒక్క మనిషినైనా పోగొట్టుకున్నానేమో చూశావా?"

"చూడలేదు బాబాయ్."

సోములు సముద్రం వైపు చూశాడు. దీవిలో పిల్లలు ఉన్నారని తనలో తాను అనుకుని, తలగుడ్డ చుట్టుకుని లేచాడు.

ఓడ వెళ్లింది. ఆ వెనకే గాలి లేచింది. కువలయ రోజూ ఒడ్డున అటూ ఇటూ తిరిగింది. ప్రతి అల కూడా ఓడలాగే కనిపించింది, దగ్గరికొచ్చి అలగానే విరిగింది. ఆఖరికి ఒక మధ్యాహ్నం చిరిగిన తెరచాపతో ఓడ రేవుకు వచ్చింది. కొన్ని మూటలను సముద్రంలోకి విసరక తప్పలేదట. మిగిలిన బియ్యమంతా దీవికి చేరింది. వెళ్లిన మనుషులందరూ తిరిగి వచ్చారు.

ఆ ఏడు వీరభట్టుగారు కువలయను ఉత్తీర్ణురాలిని చేయలేదు. "తప్పు దిద్దుకున్నావు, అది గొప్పే. ఒక మనిషి కొలువు పోకముందే దిద్దుకోవడం ఇంకా నేర్చుకోవాలి తల్లీ," అన్నారు. ఆమె మారుమాట లేకుండా మరో ఏడు చదివింది. తర్వాత నాగసెట్టే స్వయంగా వచ్చి ఆమెను సంఘానికి పిలుచుకుపోయాడు.

లెక్క అబద్ధం చెప్పదు, కానీ మనం అడగనిది అసలే చెప్పదు. కనుక తీర్పు చెప్పేముందు అడగవలసినవన్నీ అడగాలి, తప్పని తెలిస్తే చెప్పిన నోటితోనే దిద్దుకోవాలి.