గారెల విస్తరి ముందు మూడు ఇఫ్‌లు

వెలగలకోట రాజా సర్వారాయుడుగారికి ఏదైనా పూనకం పట్టిందంటే కోటంతా ఊగిపోవాల్సిందే. ఆ ఏడాది పట్టిన పూనకం ఇంగ్లీషు. దసరా దర్బారుకి కలెక్టరు దొర వస్తున్నాడు. ఆయన ముందు 'ఇఫ్' పెట్టి ఒక్క వాక్యమైనా తప్పులేకుండా చెప్పాలని రాజావారి పంతం.

నేర్పడానికి చెన్నపట్నం నుంచి త్యాగరాయం మాస్టారు దిగాడు. ఆయన కన్నా ముందు ఆయన తలపాగా గుమ్మం దాటేది.

"ఇఫ్ మూడు రకాలు ప్రభూ! మొదటి దాంట్లో ప్రెజెంటు టెన్సు, అవతల విల్లు. రెండో దాంట్లో పాస్టు టెన్సు, అవతల వుడ్డు. మూడో దాంట్లో హ్యాడ్డు, అవతల వుడ్ హ్యావు."

రాజావారు బుద్ధిగా అప్పజెప్పేవారు. తెల్లారేసరికి విల్లు వెళ్ళి హ్యాడ్డు పక్కన కూర్చునేది.

ఒకరోజు ఆయన పుస్తకం విసిరికొట్టారు. "ఒక్క మాటకి మూడు వేషాలెందుకయ్యా?"

మాస్టారు నెపం ఎవరి మీద నెట్టాలా అని చూస్తే, మూల కూర్చుని నవ్వు ఆపుకుంటున్న బుచ్చివీరన్న కనిపించాడు. రాజావారిని నవ్వించడమే వీరన్న కొలువు.

"తప్పు పాఠానిది కాదు ప్రభూ. మధ్యలో ఇతను వేసే ఛలోక్తులది. ఇతన్ని కోట నుంచి పంపించెయ్యండి, పాఠం ఇట్టే వచ్చేస్తుంది."

వీరన్న చప్పున లేచి నిలబడ్డాడు. ఈ కోట తప్ప అతనికి వేరే లోకం లేదు.

రాజావారు మీసం దువ్వారు. "వీరన్నా! ఆ మూడు ఇఫ్‌లూ ఇవాళ భోజనాలయ్యేలోగా నా బుర్రకెక్కించావా, ఉంటావు. లేదా, మూట సర్దుకో."

వీరన్న రాజావారి చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "చిత్తం ప్రభూ. ఇవాళ గారెలు వండించండి. మాస్టారిని తమరి ఎదురుగా కూర్చోబెట్టండి. నేను దగ్గేదాకా తమరు విస్తరి ముట్టకండి. మళ్ళీ దగ్గితే వెంటనే లేచిపోండి."

ఆ కోట పంక్తిలో ఒక కట్టుబాటుంది. రాజావారు ముద్ద ఎత్తేదాకా ఎవరూ విస్తరి ముట్టకూడదు. ఆయన లేస్తే అందరూ లేవాలి, ఆకలి తీరినా తీరకపోయినా.

మధ్యాహ్నం పంక్తి కూర్చుంది. అల్లం గారెలు కరకరలాడుతూ విస్తళ్ళలో పడ్డాయి. గారెలంటే మాస్టారికి ప్రాణం. రాజావారు మాత్రం చేతులు కట్టుకుని కూర్చున్నారు.

వీరన్న తీరిగ్గా అడిగాడు. "మాస్టారూ, ప్రభువులు ఇప్పుడు తింటే తమరేం చేస్తారు?"

"ఏం చేస్తాను? తింటాను! ఇఫ్ హి ఈట్స్, ఐ విల్ ఈట్!" ఆకలేస్తే మాస్టారికి కోపం, కోపమొస్తే ఇంగ్లీషు వచ్చేవి.

"ప్రభూ, చూశారా? ఇంకా ఆశ ఉంది. అది మొదటిది."

రాజావారి కళ్ళు మెరిశాయి. చెయ్యి మాత్రం కదల్లేదు. గారెల మీద ఆవిరి తగ్గిపోతోంది.

"పోనీ మాస్టారూ, ఈ కోటకి తమరే రాజైతే?"

మాస్టారు ఒళ్ళు మరిచాడు. "ఇఫ్ ఐ వర్ ది రాజా, ఐ వుడ్ ఈట్ నౌ! ఇలా అందర్నీ మాడ్చేవాణ్ణా?"

పంక్తి బిగుసుకుపోయింది. మాస్టారు నాలిక కరుచుకున్నాడు.

"కోపగించకండి ప్రభూ. ఆయన రాజయ్యేదీ లేదు, తినేదీ లేదు. ఉత్త ఊహ. అది రెండోది."

రాజావారు నవ్వు దాచుకోవడానికి ఉత్తరీయం అడ్డం పెట్టుకున్నారు.

వీరన్న దగ్గాడు. రాజావారు గారె కొరికారు. మాస్టారు గబగబా గారె అందుకుని నోటి దాకా తెచ్చాడు. వీరన్న మళ్ళీ దగ్గాడు. రాజావారు లేచి నిలబడ్డారు! పంక్తంతా లేచింది. మాస్టారి గారె విస్తట్లో పడింది.

"ఇఫ్ యూ హ్యాడ్ వెయిటెడ్, ఐ వుడ్ హ్యావ్ ఈటెన్!" మాస్టారు ఏడుపు గొంతుతో అరిచాడు. "తమరు ఒక్క క్షణం ఆగి ఉంటే తిని ఉండేవాణ్ణి ప్రభూ!"

"ఆగలేదు, తినలేదు. ఇప్పుడనుకుని ఏం లాభం?" అన్నాడు వీరన్న.

"అది మూడోది!" రాజావారు చప్పట్లు కొట్టారు. "నోటికందబోయే గారె, కలలో గారె, చేజారిన గారె! ఇంతేనా ఇది? వీరన్నా, నువ్వెక్కడికీ పోనక్కర్లేదు. బహుమానం ఏం కావాలో అడుగు!"

వీరన్న తన విస్తరి వంక దీనంగా చూశాడు.

"ప్రభువులు మళ్ళీ కూర్చుంటే చాలు. నా గారెలూ అలాగే ఉన్నాయి."

రాజావారు గొంతు సవరించుకున్నారు. పుస్తకం లేకుండా, ఎవరూ అందివ్వకుండా తొలి వాక్యం పలికారు.

"ఇఫ్ ఐ సిట్, యూ విల్ ఈట్!"

కొత్త విస్తళ్ళు వేయించి, తన భుజం మీది శాలువా తీసి వీరన్నకు కప్పి, కూర్చున్నారు. పంక్తంతా గొల్లున నవ్వింది. వాక్యంలో తప్పేమైనా ఉందా అని రాజావారు మాస్టారి వైపు చూశారు. ఆయన నోట్లో అప్పటికే రెండు గారెలున్నాయి. తల మాత్రం ఊపాడు, ఒప్పేనని.