ఏరు దాటని ఓబులక్క

ఇది ఎప్పటి మాటో నాకు తెలియదు. నాకు చెప్పిన తాతకీ తెలియదు, తాతకి చెప్పిన ముసలమ్మకీ తెలియదు. ఏరు ఇప్పటికన్నా వెడల్పుగా పారే కాలం అనుకోండి. కాళ్ళు చాపుకుని కూర్చోండి. ఇది నడక కథ, వింటున్నవాళ్ళకి కూడా కాళ్ళు లాగుతాయి.

ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో ఓబులక్క అనే మనిషి. బొంతలు కుట్టి బతికేది. చిరిగిన పంచె, మాసిన చీర, ఏది ఇచ్చినా ముక్కలు చేసి, ముక్క పక్కన ముక్క పెట్టి కుట్టేది. ఊరంతా ఆమె బొంతలు కప్పుకునే పడుకునేది. చలికాలం వస్తే తప్ప ఆమెను తలుచుకున్నవాళ్ళు లేరు.

ఆ ఊరివాళ్ళ సొంత నేల అది కాదు. ఎక్కడో ఎర్రమట్టి సీమ. వానలు మొహం చాటేశాయి. గింజలు అయిపోయాయి, గొడ్లు పోయాయి. ఉన్నదేదో మూటగట్టుకుని బయల్దేరారు. నడిచారు, నడిచారు, నడిచారు. కాళ్ళు అరిగాయి గానీ దారి అరగలేదు. చివరికి ఈ ఏరు దాటి ఒడ్డున కూలబడ్డారు. ఆ కూలబడిన చోటే ఊరయింది.

నడిచొచ్చినవాళ్ళు ముసలివాళ్ళయ్యారు. అందరినీ నడిపించిన కొండప్ప ఊరిపెద్ద అయ్యాడు. ఒకనాడు ఆయన ఓబులక్క గుడిసె ముందు నిలబడ్డాడు.

“అక్కా, మనం నడిచొచ్చిన కత మనతోనే పోయేట్టుంది. పిల్లోళ్ళకి చెప్తాంటే ఆవులిస్తాండారు. పెద్ద గుడ్డ మీద దారంతా బొమ్మలు కుట్టు. జాతరలో కడదాం.”

“కండ్లు సరిగా అగపడవు కొండప్పా. వేళ్ళు వంగవు. అయినా కుడతాలే. ఎవురి బొమ్మ వాళ్ళ పాత గుడ్డతోనే కుడతా. అప్పుడు ఎవురిని వాళ్ళు గుర్తుపడతారు.”

ఆ మాట ఊరికి నచ్చింది. ఇంటింటి నుంచీ పాతబట్టలు వచ్చాయి. దారి పొడుగునా అందరికన్నా వెనక ఈడ్చుకుంటూ వచ్చిన మాదన్న, తనను అందరికన్నా ముందు కుట్టమన్నాడు. సరేలే అంది ఓబులక్క. వాదించే ఓపిక కూడా లేదు ఆమెకు.

ఇక ఒక్క సంగతి మిగిలింది.

“దారిలో పోయినోళ్ళను దేంతో కుట్టాల కొండప్పా?”

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. మనిషి పోతే బట్టలూ మనిషితోనే పోవాలి. నూలుపోగు కూడా ఇంట్లో ఉంచరు. దారిలో పోయినవాళ్ళవి చింకిపాతలైనా మిగల్లేదు.

కొండప్ప మొహం తిప్పుకున్నాడు. “గుడ్డ లేనోళ్ళకి బొమ్మ లేదక్కా. ఎవురి బొమ్మ వాళ్ళ గుడ్డతోనని నువ్వే అంటివి గదా. వచ్చినోళ్ళను కుట్టు, చాలు.”

ఆమె పెట్టిన షరతే ఆమెకు అడ్డం పడింది. ఏరు కనబడిన రోజే, ఇక నీళ్ళు అందుతాయనగా, ఆమె పాప చంకలోనే చల్లబడిపోయింది. ఏటికి అవతల ఇసుకలో పూడ్చి, మిగతావాళ్ళతో పాటు ఏరు దాటింది. ఆ పాప పేరు ఊళ్ళో ఎవరికీ గుర్తులేదు. ఒక్కతే గుర్తుపెట్టుకుని గుర్తుపెట్టుకుని అలిసిపోయింది ఓబులక్క. రేపు తను పోతే, ఆ పాప అసలు పుట్టనే లేదన్నట్టు అవుతుంది. ఆమె బాధంతా అదే.

కుట్టింది, కుట్టింది, కుట్టింది. వేళ్ళు అరిగాయి గానీ దారి అరగలేదు. ఎర్రచీర నేల అయింది. గోనెపట్టా కొండ అయింది. వెలిసిన నీలం లుంగీ ఏరు అయింది. దారిలో మొదట మనుషులు పోయిన ఎండిన బావి దగ్గరికి వచ్చేసరికి సూది ఆగింది. ఆమెకున్నవి రెండే చీరలు, కట్టుకున్నదొకటి, దండెం మీద ఆరేసిందొకటి. లేచి, ఆరేసిన ఆకుపచ్చ చీర చెంగు కోసింది. రెండు కొండల నడుమ కనుమ దగ్గర ఇంకొంత కోసింది. ఏటికి అవతల మిగిలిందంతా పెట్టేసింది. చివరికి ఒడ్డుకి చేరినవాళ్ళలో తన బొమ్మ కుట్టడానికి ముక్క మిగల్లేదు.

జాతర వచ్చింది. రెండు బండ్లు ఎత్తి నిలబెట్టి, నడుమ ఆ గుడ్డ కట్టారు. అదిగో మా నాయన పంచె, ఇదిగో నా రవిక అని ఒకటే సందడి. ఆ తర్వాత ఆకుపచ్చ బొమ్మలు కంటబడ్డాయి. సందడి తగ్గింది.

“ఎండిన బావికాడ పడుకున్నది ఎవురు?” అని గుంపులో ఎవరో అడిగారు.

“నేనే,” అంది ఓబులక్క.

“కనుమలో రాయికి ఆనుకుని కూచున్నది?”

“నేనే.”

“ఏటికి ఆ పక్క, అంత చిన్నది?”

“అదీ నేనే.”

కొండప్పకి కోపం వచ్చింది. “ఒక మనిషి మూడు తావుల్లో ఎట్లుంటాది?”

“నా చీరే గదా కొండప్పా. ఎవురి గుడ్డయితే వాళ్ళ బొమ్మ. వాళ్ళను వదిలిన ప్రతి తావులో నేనూ కొంచెం ఉండిపోయినా. మీ కండ్లకి వచ్చినట్టు అగపడతాండా. నేను ఏరు దాటలేదు నాయనా.”

కొండప్ప మెల్లగా కనుమ బొమ్మ దగ్గరికి పోయాడు.

“మా యమ్మ,” అన్నాడు. “నడవలేను, మీరు పోండి అనింది. అప్పటికి పానం ఉండె. నేను వచ్చేస్తి.”

భుజం మీది తువ్వాలు తీసి ఓబులక్క చేతిలో పెట్టాడు. “ఆడ చలెక్కువ అక్కా. కప్పు.”

ఓబులక్క అక్కడే కూర్చుని కుట్టింది. బావి దగ్గర తమ్ముణ్ణి వదిలిన ఒకామె కొంగు అంచు చింపి ఇచ్చింది. ఒకరి తర్వాత ఒకరు ఒంటి మీది బట్ట చింపి ఇచ్చారు, పోయినవాళ్ళ పేర్లు చెప్పారు. అందరి తర్వాత ఓబులక్క తన పాప పేరు పైకి అంది.

“ఈరమ్మ.”

ఊరంతా ఈరమ్మ, ఈరమ్మ అంది. అన్నేళ్ళకి ఆ పేరు ఇంకొకరి నోట విని, ఓబులక్క భోరుమని ఏడ్చింది.

మళ్ళీ జాతర వచ్చేలోపే ఆమె పోయింది. ఉన్న ఒక్క చీరా ఆమెతోనే పోయింది. ఒడ్డుకి చేరినవాళ్ళ పక్కన ఆమెను కుడదామంటే గుడ్డ లేదు. ఆ చోటు అలాగే వదిలేశారు.

అప్పటినుంచి ఆ ఊళ్ళో మనిషి పోతే, బట్టలు పంపేముందు జానెడు ముక్క చింపి ఇంటి బొంతలో కుడతారు. దాన్ని ఓబులక్క పాలు, అంటే ఓబులక్క వాటా, అంటారు. జాతర గుడ్డ ఎన్నిసార్లు చివికిందో, ఎన్నిసార్లు మార్చి కుట్టారో. ఎవరు కుట్టినా ఒడ్డు మీద ఒక మనిషి పట్టేంత చోటు వదిలేస్తారు. జాతర భోజనాలకి కూర్చున్నాక అందరికన్నా పెద్దామె అడుగుతుంది, “ఓబులక్క ఏరు దాటిందా?” అని.

“ఇంకా లేదు,” అంటారు అందరూ. “ఈరమ్మ కాడ కూచోనుంది.”

అప్పుడు ఆమెకని ఒక ముద్ద ఆకు చివర పక్కకు పెట్టి, తినడం మొదలుపెడతారు.