ఈనెమ్మ దాచుకున్న మబ్బుకథ

అనగనగా మబ్బులు నేల మీదికి దిగి నడిచే ఒక అడవి ఉండేది. నిజంగానే పిల్లలూ! పుష్యమాసం రాగానే కొండ మీది మబ్బులు ఒక్కొక్కటే మెల్లగా లోయలోకి దిగేవి. చెట్ల మధ్య కూర్చునేవి. ఇక పది పదిహేను రోజుల దాకా లేచేవే కావు. అప్పుడు ఎవరి కాళ్లు వాళ్లకే కనిపించేవి కావు. చెట్టేదో ఏనుగేదో ముట్టుకుంటే గాని తెలిసేది కాదు. ముట్టుకున్నాక ఒక్కోసారి చెట్టు కోప్పడేది. అంటే అది ఏనుగన్నమాట.

అందుకని ఆ అడవిలో ఒక ఆచారం పెట్టుకున్నారు. మంచు రోజుల్లో ఎవరు నడిచినా తన పేరూ, తన పనీ పైకి చెప్పుకుంటూ నడవాలి. దాన్ని మంచుకేక అనేవాళ్లు.

"నేను కుందేలును, గడ్డికి పోతున్నా!"

"నేను ఎలుగును, తేనెకు పోతున్నా, అడ్డు లేవండి!"

పులి కూడా కేక వేయాల్సిందే. "నేను పులిని, ఊరికే తిరుగుతున్నా!" అనేది. ఊరికే అన్న మాట ఎవరు నమ్ముతారు? ఆ వైపంతా చిటికెలో ఖాళీ అయిపోయేది. పాపం, మంచు రోజుల్లో పులి సగం కడుపుతోనే పడుకునేది. అయినా మర్యాద తప్పేది కాదు.

ఆ అడవిలో వాగు ఒడ్డున ఒక బొరియ ఉంది. అందులో ఈనెమ్మ అనే ముళ్లపంది ఉండేది. ఈనెమ్మ కథలు రాసేది. తన ఒంటి నుంచి రాలిన ముల్లునే కలంలా పట్టుకుని లేత టేకాకుల మీద గీసేది. లేత టేకాకును గీస్తే ఎర్రటి రసం ఊరుతుంది. అక్షరాలు పారాణి దిద్దినట్టు ఎర్రగా వచ్చేవి. రాస్తూ రాస్తూ తనలో తానే గొణుక్కునేది, మధ్యలో నవ్వుకునేది, ఒక్కోసారి కళ్లు తుడుచుకునేది. ఆకులు ఆరాక తీగతో కట్టి, బొరియ అడుగున పెట్టేసేది.

అంతే. ఆ తరువాత వాటిని ఎవరూ చూసేవాళ్లు కాదు.

ఆ పక్కనే బురదలో ముసలి తాబేలు డిప్పయ్య ఉండేవాడు. ఈనెమ్మ గొణుగుడంతా నిద్ర నటిస్తూ వినేవాడు. ఒకరోజు ఉండబట్టలేక తల బయటపెట్టాడు.

"అమ్మాయ్, కథ బాగుందే. నలుగురికీ చెప్పకూడదూ?" అన్నాడు.

ఈనెమ్మ ముళ్లన్నీ నిక్కబొడుచుకున్నాయి. ముళ్లపందికి కోపం వచ్చినా ముళ్లే లేస్తాయి, సిగ్గేసినా ముళ్లే లేస్తాయి. ఏది ఏదో ఎదుటివాళ్లకు తెలియదు.

"ఛీ, ఏంటి బాబాయ్! నా కథ బాగుంది, రండి వినండి అని నేనే చెప్పుకోవడమా? నాకు సిగ్గు. బాగుంటే వాళ్లే వస్తారు" అంది.

"నీ బొరియలో కథలున్నాయని వాళ్లకెలా తెలుస్తుందే?" అన్నాడు డిప్పయ్య.

ఈనెమ్మ నిద్రొస్తోందని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఏడు శ్రావణంలో వాగు పొంగింది. చామంతి అనే దుప్పి తన చిన్న కూనతో వాగు దాటుతోంది. చామంతి ఒడ్డెక్కింది. కూన ఎక్కలేదు. ఎర్రటి నీళ్లు దాన్ని ఎత్తుకుపోయాయి.

అప్పటి నుంచి చామంతి మాట్లాడటం మానేసింది. రోజూ వచ్చి వాగు ఒడ్డున నిలబడేది. నీళ్లవైపు చూసేది. చీకటి పడేముందు వెళ్లిపోయేది. ఈనెమ్మ తన బొరియలోంచి ఆమెనే చూసేది. చూసి చూసి, భాద్రపదంలో ఒక కథ రాసింది. ఏడు ఆకుల కథ. దారి తప్పిన ఒక పిల్లమబ్బు కథ. అది చామంతి కోసమే రాసింది.

రాసింది గాని ఇవ్వలేదు. 'ఆమె ఎంత దుఃఖంలో ఉంది! నేను వెళ్లి, అక్కా కథ రాశాను వింటావా అంటే ఏమనుకుంటుంది?' అనుకుంది. ఆ ఏడు ఆకులనూ మిగతావాటితో కలపకుండా, పైన ఉన్న రాతి అరలో పెట్టేసింది.

ఆశ్వయుజం పోయింది. కార్తీకం, మార్గశిరం పోయాయి. పుష్యం వచ్చి మబ్బులు దిగాయి. తెల్లటి మంచులో అడవంతా కలలోలా మెత్తబడిపోయింది. ఎక్కడి నుంచో కేకలు తేలుతూ వచ్చి ఎక్కడికో పోయేవి. అందరి కేకలూ వినిపిస్తున్నాయి, చామంతి కేక తప్ప. ఆమె నోరు విప్పకుండా మంచులో తిరుగుతోంది.

"అయ్యో, నిన్న నా కాళ్ల కింద పడబోయింది తల్లీ! వెంట్రుకవాసిలో తప్పింది" అన్నాడు అడవిదున్న భీమన్న.

"లోయ అంచున ఆమె గిట్టల గుర్తులు చూశాను. ఇంకొక్క అడుగేస్తే అంతే సంగతులు" అంది ఎలుగు.

ఆ మాటలు విని ఈనెమ్మ ఒక్క పరుగున బొరియలోకి పోయింది. కథల కట్టలు తీసింది. చేతిలోకి మట్టి వచ్చింది.

కథల నిండా చెదలు!

"వచ్చావా అమ్మా! నీ కథలు ఎంత బాగున్నాయో!" అంది చెదల రాణి, నోరు తుడుచుకుంటూ. "మా ఇంట్లో పిల్లాపెద్దా అందరికీ నచ్చాయి. ఆ ఏనుగు కథ మరీ కమ్మగా ఉంది. ఇంకా రాస్తావు కదూ?"

చూశారా, ఈనెమ్మ కథలను మెచ్చుకున్న మొదటి నోరు అదే. ఈనెమ్మ భోరుమని ఏడ్చింది. నూరు కథలు మట్టయిపోయాయి. రాతి అరలో ఉన్న ఏడు ఆకులు మాత్రం మిగిలాయి.

'ఇదైనా చామంతికి చేరాలి' అనుకుంది. కానీ సిగ్గు అంత తేలిగ్గా వదులుతుందా? ఎదురుగా వెళ్లకుండా ఇచ్చే ఉపాయం ఆలోచించింది. చామంతి వచ్చే దారిలో మొదటి ఆకును పరిచి, ఎగిరిపోకుండా రాయి పెట్టింది. తన పేరు రాయలేదు. పొద వెనక దాక్కుంది.

మంచులో అడుగుల చప్పుడైంది. వచ్చింది చామంతి కాదు, భీమన్న. కరకర నమిలిన చప్పుడు వినిపించింది.

"భీమన్నా! అది కథ!" అని అరిచింది ఈనెమ్మ.

"కథా?" భీమన్న కంగారుపడ్డాడు. "నాకేం తెలుసమ్మా? ఆకు మీద ఎర్రగా ఏదో కనిపిస్తే తెగులు పట్టిందేమో అనుకున్నా. అయినా ఆకలి మీదున్నాను కదా అని తినేశా. కథని ఎవరైనా చెబితే కదా తెలిసేది!"

రెండోరోజు ఈనెమ్మ గోరింక పలుకులమ్మ దగ్గరికి పోయింది. కథంతా చెప్పింది. "నువ్వు అడవంతా తిరుగుతావు కదా, చామంతి వినేలా చెప్పు. నా పేరు మాత్రం ఎత్తొద్దు" అని బతిమాలింది.

"అదెంత పని!" అని పలుకులమ్మ తుర్రుమంది.

సాయంత్రానికి కథ అడవంతా పాకింది. కానీ ఆ కథలో పిల్లమబ్బు లేదు. పనసపండు ఉంది. పనసపండు కోసం రెండు కోతులు జుట్లు పట్టుకుని కొట్టుకుంటున్నాయి. అందరూ పడీ పడీ నవ్వుతున్నారు.

"ఇదేంటి పలుకులమ్మా, నా కథను ఇలా చేశావు?" అంది ఈనెమ్మ, దాదాపు ఏడుస్తూ.

"మబ్బు కథ మధ్యలో మరిచిపోయానే. పండు గుర్తొచ్చింది, పెట్టేశాను" అంది పలుకులమ్మ. "అయినా పేరు చెప్పొద్దన్నావు. పేరు లేని కథను ఎలా చెబితే ఏంటి? నాది అని అడిగేవాళ్లు ఉండరు కదా!"

ఈనెమ్మ తల వేలాడేసుకుని ఇంటిదారి పట్టింది. మంచు ఇంకా చిక్కబడింది. అలవాటు ప్రకారం కేక వేస్తూ నడిచింది.

"నేను ఈనెమ్మను, ఇంటికి పోతున్నా! ముళ్లున్నాయి, తప్పుకోండి!"

"తప్పుకున్నాలే" అంది కాళ్ల దగ్గర్నుంచి ఒక గొంతు. డిప్పయ్యది. "అమ్మాయ్, ఒక మాట అడుగుతాను. నీకు ముళ్లున్నాయని రోజూ అడవంతా వినేలా అరుస్తావు. అది గొప్పలు చెప్పుకోవడం కాదూ?"

"అదేంటి బాబాయ్! చెప్పకపోతే ఎవరికైనా గుచ్చుకోదూ? అది వాళ్ల మేలు కోసం."

"మరి నీ దగ్గర కథ ఉందని చెప్పడం ఎవరి మేలు కోసం?"

ఈనెమ్మ నిలబడిపోయింది.

"ముళ్లున్నాయంటే తప్పుకుంటారు. కథ ఉందంటే దగ్గరికొస్తారు" అన్నాడు డిప్పయ్య మెల్లగా. "నువ్వు పుట్టినప్పటి నుంచీ మొదటిదే చెబుతున్నావే తల్లీ. ఈ అడవికి నీ గురించి తెలిసిందల్లా నీ ముళ్లే."

ఆ రాత్రి ఈనెమ్మకు కునుకు పట్టలేదు. తెల్లవారింది. తెల్లవారిందని తెలిసింది గాని ఏమీ కనిపించలేదు, అంత మంచు. ఈనెమ్మ వాగు ఒడ్డున రాయెక్కి నిలబడింది. ఒంటి మీది ముళ్లన్నీ లేచి నిలబడ్డాయి. కేక వేసింది.

"నేను ఈనెమ్మను! నా దగ్గర ఒక కథ ఉంది!"

"మాకు పనులున్నాయి!" అంది ఎక్కడో అడవిపంది.

ఈనెమ్మకు రాయి దిగి పారిపోవాలనిపించింది. దిగలేదు. మళ్లీ కేక వేసింది.

"నేను ఈనెమ్మను! కథ నేనే రాశాను!"

"ఓహో, సొంత డప్పా! గట్టిగా వాయించు!" అని చెట్టు మీద కొండముచ్చు కిచకిచ నవ్వింది.

ఈనెమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కానీ మంచులో ఆమె కళ్లు ఎవరికి కనిపిస్తాయి? లోయ అంచున గిట్టల గుర్తులు గుర్తొచ్చాయి. సిగ్గు కన్నా భయం పెద్దదైంది. మూడోసారి గొంతెత్తి కేక వేసింది.

"నేను ఈనెమ్మను! ఇది దారి తప్పిన పిల్లమబ్బు కథ! చామంతక్కా, ఇది నీ కోసమే రాశాను! ఎక్కడున్నా విను!"

ఎవరొచ్చారో, ఎవరు రాలేదో ఈనెమ్మకు తెలియదు. ఎదురుగా అంతా తెలుపే. చేతిలోని ఆకులు తడికి మెత్తబడిపోయాయి. మంచులో అక్షరాలు కనిపించలేదు. ఈనెమ్మ కళ్లు మూసుకుని నోటితోనే చెప్పడం మొదలుపెట్టింది.

"అనగా అనగా ఒక పిల్లమబ్బు. గాలివానలో తల్లి చెయ్యి విడిచిపోయి కొండ కిందికి జారిపోయింది. అమ్మా అని పిలుద్దామంటే దానికి గొంతు లేదు. మబ్బులకు గొంతు ఉండదు. ఉరుము పెద్ద మబ్బులది. పిల్లమబ్బు ఏం చేసింది? మెల్లగా నేల మీదికి దిగింది. రాయిని ముట్టుకుంది. నువ్వు మా అమ్మవా? కాదు. చెట్టును ముట్టుకుంది. నువ్వు మా అమ్మవా? కాదు. అలా అందరి ముఖాలూ ముట్టుకుంటూ పోయింది. అందుకే మంచులో నడిస్తే మన ముఖం తడుస్తుంది. అది ఎవరి పిల్లో పాపం, అమ్మను వెతుక్కుంటూ వచ్చి, మన చెంప మీద చెయ్యి పెట్టి చూస్తోంది. కసురుకోకండి. ఒక్క నిమిషం ఆగండి. నేను ఇక్కడే ఉన్నానమ్మా, అని దానికి చెప్పండి. ఆ మాట వింటే దానికి భయం పోతుంది. ఎండ వచ్చాక హాయిగా పైకి పోతుంది."

కథ అయిపోయింది. చెట్ల మీది నుంచి మంచునీళ్లు టపటపమని రాలాయి. కొండముచ్చు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

అప్పుడు, ఈనెమ్మ నిలబడిన రాయికి జానెడు దూరంలో, మంచులోంచి ఒక తడి ముఖం బయటికొచ్చింది. చామంతి! ఆమె చెంపల మీద మంచుందో కన్నీళ్లున్నాయో తెలియలేదు. ఆమె కళ్లు మూసుకుని ఆ తడికి ముఖం అప్పగించి నిలబడింది. చాలాసేపటికి పెదవులు కదిలాయి.

"నేను ఇక్కడే ఉన్నాను నాన్నా" అంది. గొంతు బొంగురుపోయి ఉంది. ఎన్నో నెలల తరువాత వచ్చిన గొంతు అది.

తరువాత ఈనెమ్మ వైపు తిరిగింది. "ఇది నువ్వే రాశావా చెల్లీ?"

"నేనే అక్కా."

"ఎప్పుడు రాశావు?"

"భాద్రపదంలో."

చామంతి వాగువైపు ఒకసారి చూసింది.

"భాద్రపదంలోనా?" అంది. "ఇన్ని నెలలూ నీ బొరియ ముందే నిలబడి ఉన్నాను కదే. ఒక్కదాన్నే ఉన్నాను కదే. ఒక్క పిలుపు పిలవలేకపోయావా?"

అందులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదనిపించింది ఈనెమ్మకు. తన సిగ్గు ఇన్నాళ్లూ తన సొంత సంగతి అనుకుంది. దానివల్ల ఇంకొకరు ఇంత దుఃఖం ఒంటరిగా మోశారని తట్టనే లేదు. వెక్కివెక్కి ఏడ్చింది. చామంతి ఆ ముళ్లను లెక్కచేయకుండా మూతితో ఆమె నుదురు నిమిరింది.

కాసేపటికి చామంతి వెనుదిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. ఊపిరి గట్టిగా పీల్చుకుంది.

"నేను చామంతిని!" అని కేక వేసింది. "ఇంటికి పోతున్నా!"

"పో తల్లీ, పో! దారిస్తున్నా!" అన్నాడు భీమన్న మంచులోంచి. "నేనూ తప్పుకున్నా!" అంది ఎలుగు. "నేను కూడా!" అంది పులి, ఆ రోజుకు నిజంగానే.

మర్నాడు ఈనెమ్మ కొత్త కథ మొదలుపెట్టింది. సగం రాయగానే రాయెక్కి నిలబడింది. సిగ్గు పోయిందనుకుంటున్నారా? ఎక్కడ పోతుంది! ముళ్లన్నీ లేచే ఉన్నాయి. అయినా గొంతెత్తి కేక వేసింది.

నీతి: నా దగ్గర ఇది ఉంది, నేనే చేశాను అని నోరు తెరిచి చెప్పడం గొప్పలు పోవడం కాదు. దాని అవసరం ఉన్నవాళ్లు మన పిలుపు వింటేనే మన దాకా రాగలరు.