దీవి మనుషుల ఏడుపు

తన దగ్గరికి ఏడుస్తూ వచ్చినవాళ్ళెవరూ ఏడుస్తూ తిరిగి వెళ్ళరని మౌలాలికి గర్వం. రేవు పక్కన ఫకీరు జలాల్ షా ఉండే పాకలో, వచ్చేపోయే ఓడల వాళ్ళకి అన్నం పెట్టే పని అతనిది. ఓదార్చే పని మాత్రం తనే నెత్తిన వేసుకున్నాడు.

ఆ సాయంత్రం పొగమంచులో ఒడ్డేదో, నీళ్ళేవో తెలియడం లేదు. ఎక్కడో తూర్పు దీవిలో పుట్టి, చిన్నప్పుడే విడిపోయిన అన్నాచెల్లెళ్ళు ఆ పాకలో ఎదురుపడ్డారు. ఆమె ఓడ తూర్పుకి, అతని ఓడ పడమరకి. పోటు తిరగ్గానే ఓడలు కదులుతాయి, అంతవరకే వాళ్ళకి గడువు. ఒకరినొకరు పట్టుకుని గొల్లుమన్నారు.

మౌలాలి ఊరుకుంటాడా? పరుగున వెళ్ళి ఇద్దరినీ విడదీశాడు. చెరో షర్బత్ గ్లాసు చేతిలో పెట్టాడు.

"కలుసుకున్నారుగా, ఇంకా ఏడుపెందుకమ్మా? నవ్వండి," అన్నాడు.

మర్యాద కోసం వాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నవ్వారు కూడా. తర్వాత చెరో మూలా కూర్చుని, ముక్కూమొహం తెలియనివాళ్ళలా గ్లాసుల్లోకి చూస్తూ ఉండిపోయారు.

మౌలాలి మనసు చివుక్కుమంది. బయటున్న గురువు జలాల్ షా దగ్గరికి వెళ్ళాడు.

"బాబా, ఏడుపు మాన్పించాను. అయినా వాళ్ళ మొహాల్లో కళ లేదు. నేనేం తక్కువ చేశాను?"

"మీ అబ్బాయి సముద్రం మీంచి క్షేమంగా తిరిగొచ్చిన రోజున ఏం చేశావు నాయనా?"

"పాయసం వండి వీధంతా పంచాను."

"ఎవరైనా వచ్చి పొయ్యిలో నీళ్ళు పోశారా?"

"లేదు బాబా. ఎందుకు పోస్తారు?"

ఫకీరు లేచాడు. లోపలికి వెళ్ళి ఆ అన్న పక్కన కూర్చున్నాడు. అతని మెడ చుట్టూ చెయ్యి వేసి, గొంతెత్తి ఏడవడం మొదలుపెట్టాడు.

అన్న కాసేపు తెల్లబోయాడు. తర్వాత అతని గొంతూ కలిసింది. చెల్లెలు గ్లాసు పక్కన పెట్టి లేచి వచ్చింది. ఫకీరు మెల్లగా తప్పుకుని ఆమెకి చోటిచ్చాడు.

ఆ ఏడుపు లేస్తూ, తగ్గుతూ, పాటలా సాగింది. మధ్యమధ్య వాళ్ళమ్మ పేరో, ఊరి పేరో వినబడేది. తడిసిన మొహాలు రెండూ వెలిగిపోతున్నాయి. మౌలాలి గుమ్మంలో నిలబడిపోయాడు. తను చేసిన పనికి సిగ్గేసింది. అయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు.

మంచులోంచి చెల్లెలి ఓడ సరంగు వచ్చాడు.

"పోటు తిరిగింది, ఆమెని పిలువు భాయ్." అంతలో ఏడుపు విని ఆగాడు. "లోపల ఎవరైనా పోయారా ఏంటి?"

మౌలాలి గుమ్మానికి అడ్డంగా జరిగి, గొంతు తగ్గించాడు.

"లేదు సరంగూ. పండగ జరుగుతోంది. కాసేపు ఆగు."