మడుగు పెద్దకు హద్దు

ఆ ఏడు ఎండలకు అడవిలో వాగులన్నీ ఎండిపోయి ఒక్క మడుగే మిగిలింది. నీళ్ళ దగ్గర తోపులాట లేకుండా చూడడానికి జంతువులు నెలకొక పెద్దను ఎన్నుకున్నాయి. మొదటి నెల పెద్దరికం మాటకారి నక్క గురవయ్యకు దక్కింది.

మర్నాడే గురవయ్య మడుగు గట్టు మీదికెక్కాడు. "నీళ్ళు తాగాలంటే ముందు ఉత్తరం తిరిగి మా నక్కల దేవుడికి మూడుసార్లు ఊళ వేయాలి" అన్నాడు.

కుందేళ్ళూ జింకలూ వచ్చీరాని ఊళలు వేసి తాగాయి. ముళ్ళపంది పుల్లమ్మ మాత్రం వేయలేదు.

"నీ దేవుణ్ణి నేనేమీ అనను మావా. నాకు నమ్మకం లేదు, దాహం ఉంది. నువ్వు చూడాల్సింది మా వంతులు, మా మనసులు కాదు."

"పెద్ద అన్నవాడి మాటకు హద్దుంటుందా?"

"ఎవరు పెద్దయినా అంతేనా?"

"అంతే."

"అయితే అదే కట్టుబాటని అందరి ముందూ చెప్పు."

వచ్చే నెలా తనదేనన్న ధీమాతో గురవయ్య చెప్పేశాడు. ఆ నెలంతా పుల్లమ్మ కోసెడు దూరం నడిచి, రాతి సందులో ఊరే చెమ్మ నాకి బతికింది. కాళ్ళు పుండ్లు పడ్డాయి గానీ ఊళ మాత్రం వేయలేదు.

ఊళలతో గొంతులు పోయిన జంతువులు తర్వాతి నెల ఎలుగుబంటి సింగన్నను ఎన్నుకున్నాయి. సింగన్నకు తేనెచెట్టే దైవం. "చెట్టెక్కి తేనెపట్టుకు మొక్కినవాళ్ళకే నీళ్ళు" అన్నాడు.

జింకలు చెట్టు మొదట్లోనే ఆగిపోయాయి. గురవయ్య ఏడుసార్లు ఎక్కి ఏడుసార్లు జారాడు. రెండో రోజుకు నాలుక పిడచగట్టి పుల్లమ్మ దగ్గరికొచ్చాడు.

"దీనికో హద్దు పెట్టాలి, పుల్లమ్మా."

"హద్దుండదన్నది నువ్వేగా మావా?"

"నేనే పెద్దననుకుని చెప్పాను."

"ఇప్పుడు కాదనుకుని చెప్పు."

గురవయ్య అందరి ముందూ తలొంచుకుని చెప్పాడు. "ఎవరి మొక్కు వారిది. ఎవరు పెద్దయినా వంతులు చూడడమే పని."

సింగన్న బుర్ర గోక్కున్నాడు. "మరి నేను చెట్టుకు మొక్కుకోవచ్చా?"

"హాయిగా మొక్కుకో అన్నా. ఎవడైనా వద్దంటే నీ పక్కన నేను నిలబడతాను" అంది పుల్లమ్మ.

ఆ మాటతో సింగన్న దారి వదిలాడు. పుల్లమ్మ కడుపునిండా తాగింది. ఆమె వెనక, ముళ్ళు తగలకుండా ఒళ్ళు దగ్గర పెట్టుకుని, తన వంతు కోసం గురవయ్య నిలబడ్డాడు.

అధికారం ఎవరికిచ్చినా, అది రేపు మనకు గిట్టనివాడి చేతికి వెళ్ళినా భరించగలిగినంతే ఇవ్వాలి.